రేబిస్ టీకాల సామర్థ్య నిర్ధారణ: ప్రయోగశాల పద్ధతులు, ఫలితాల అన్వయం

ఉపోద్ఘాతం

రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడిన తరువాత రోగిని బ్రతికించగల చికిత్స దాదాపు లేదు. కావున ఈ వ్యాధి విషయంలో మన ఆధారమంతా గాయాన్ని సబ్బు నీటితో కడగడం, అవసరమైన చోట రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వడం, టీకా వేయడం అనే మూడింటిపైననే ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. మనుషులకు సోకే కేసులలో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నాయి. ఇతర వ్యాధులలో బలహీనమైన టీకా వలన వ్యాధి వచ్చినా చికిత్సకు అవకాశం మిగిలి ఉంటుంది. రేబిస్‌లో ఆ అవకాశం లేదు. కావుననే సీసాలోని టీకా నిజంగా పనిచేస్తుందా అనే ప్రశ్నకు, ఆ సీసా ప్రయోగశాల దాటకముందే సమాధానం లభించాలి.

ఈ సమాధానాన్ని రాబట్టే పద్ధతులు అనేకం ఉన్నాయి. వాటి ఫలితాలన్నీ చాలా వరకు 'అంతర్జాతీయ యూనిట్లు' (అం.యూ.) అనే ఒకే పేరుతో వెలువడుతాయి. టీకా సీసాపై "2.5 అం.యూ." అని, కుక్క రక్తపరీక్ష నివేదికలో "0.5 అం.యూ." అని చూచిన విద్యార్థి ఈ రెండింటినీ ఒకే కొలబద్దపై ఉన్న అంకెలుగా భావించడం సహజం. నిజానికి మొదటిది టీకాను గురించి, రెండవది టీకా పొందిన ప్రాణిని గురించి చెప్పే అంకె. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానమిస్తుందో, ఆ సమాధానాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టీకాలో కొలవవలసినది ఏమిటి?

రేబిస్ వైరస్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది. దాని ఉపరితలంపై ముళ్ళవలె నిలిచి ఉండే గ్లైకోప్రోటీన్, మూడేసి అణువులు కలిసిన త్రయాలుగా అమరి ఉంటుంది. వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు ప్రధానంగా ఈ గ్లైకోప్రోటీన్‌కు వ్యతిరేకంగానే ఉత్పత్తి అవుతాయి. త్రయంగా, సహజమైన మడతలతో, వైరస్ కణానికి అంటిపెట్టుకొని ఉన్న గ్లైకోప్రోటీన్ బలమైన రక్షణనిస్తుంది. వేడి వలన మడతలు విడిపోయినా, వైరస్ కణం నుండి ఊడిపోయి ద్రవంలో కరిగినా ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. ప్రోటీన్ పరిమాణం మాత్రం మారదు. అందువలన టీకాలో ప్రోటీన్ ఎంత ఉన్నదో తూచి చూస్తే చాలదు. అది సరియైన రూపంలో ఎంత ఉన్నదో తెలియాలి. సామర్థ్య పరీక్షలలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

హేబెల్ పరీక్ష

మన గ్రామాలలో నేటికీ కుక్క కాటు అనగానే "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అనే భయం వినిపిస్తుంది. ఆ భయానికి మూలం నాడీకణజాల టీకా. 1911లో కసౌలిలోని కేంద్ర పరిశోధనా సంస్థలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను ఫీనాల్‌తో నిర్జీవం చేసి ఈ టీకాను రూపొందించారు. పెద్ద మోతాదులలో అనేక రోజులు వేయవలసి రావడం, మెదడు కణజాలం వలన కొందరిలో పక్షవాతం వంటి నాడీ సంబంధ దుష్ఫలితాలు కలగడం దాని లోపాలు. మన దేశంలో దాని ఉత్పత్తి 2004 చివరలో నిలిచిపోయింది.

ఇటువంటి టీకాలను పరీక్షించడానికి 1940లో కార్ల్ హేబెల్ చిట్టెలుకలతో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. చిట్టెలుకలకు టీకాను పలుమార్లు ఇచ్చి, తరువాత వాటి మెదడులోనికి ఛాలెంజ్ వైరస్‌ను వేర్వేరు పలుచనలలో ఎక్కించేవారు. టీకా పొందని చిట్టెలుకలలో సగం మరణించడానికి కావలసిన వైరస్ మోతాదును ఎల్.డి.50 అంటారు. టీకా పొందినవి కనీసం 1,000 ఎల్.డి.50 వైరస్‌ను తట్టుకొనగలిగితే ఆ టీకా ఉత్తీర్ణమైనట్లు పరిగణించేవారు.

ఈ పద్ధతిలో టీకా మోతాదు స్థిరంగా ఉండి వైరస్ మోతాదు మారుతుంది. పోల్చి చూడడానికి ప్రామాణిక టీకా ఉండదు. ఒక ప్రయోగశాలలోని చిట్టెలుకల జాతి మరొక ప్రయోగశాలలోని దానికంటే సున్నితమైనదైతే ఫలితం మారిపోతుంది. మంచి టీకాకు, చాలా మంచి టీకాకు మధ్య తేడా కూడా సరిగా తెలియదు. కణవర్ధన టీకాలు వాడుకలోనికి వచ్చిన తరువాత ఈ లోపాలు మరింత స్పష్టమైనాయి.

ఎన్.ఐ.హెచ్. పరీక్ష

అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పేరుతో ప్రసిద్ధమైన ఎన్.ఐ.హెచ్. పరీక్ష పై పద్ధతిని తలక్రిందులు చేసింది. ఇందులో వైరస్ మోతాదు స్థిరం. టీకాయే పలుచనలుగా మారుతుంది. పరీక్షిస్తున్న టీకాతో పాటు సామర్థ్యం ముందే తెలిసిన ప్రామాణిక టీకాను కూడా అదే రోజు, అదే జాతి చిట్టెలుకలపై పరీక్షిస్తారు. చిట్టెలుకలలోని తేడాలు రెండు టీకాలకూ సమానంగా వర్తించుట వలన వాటి ప్రభావం చాలా వరకు రద్దవుతుంది.

పరీక్షా క్రమం ఈ విధంగా ఉంటుంది:

1. పరీక్షిత టీకాను, ప్రామాణిక టీకాను ఐదు రెట్ల చొప్పున వరుస పలుచనలుగా తయారుచేయాలి.
2. సుమారు నాలుగు వారాల వయస్సు గల చిట్టెలుకలను పలుచనకు కనీసం 16 చొప్పున తీసుకొని, 0వ రోజున, 7వ రోజున 0.5 మి.లీ. వంతున ఉదరకుహరంలోనికి ఇవ్వాలి.
3. 14వ రోజున ప్రామాణిక ఛాలెంజ్ వైరస్ (సి.వి.ఎస్.) 0.03 మి.లీ.ను మత్తు ఇచ్చిన చిట్టెలుకల మెదడులోనికి ఎక్కించాలి. ఈ పరిమాణంలో సాధారణంగా 12 నుండి 50 వరకు ఎల్.డి.50 ఉండేలా చూస్తారు.
4. టీకా పొందని చిట్టెలుకలకు అదే వైరస్‌ను పలుచనలుగా ఎక్కించి, వాస్తవంగా ఎంత వైరస్ ఇచ్చామో అదే సమయంలో నిర్ధారించుకోవాలి.
5. మరి 14 రోజులు పరిశీలించాలి. మొదటి నాలుగు రోజులలో సంభవించే మరణాలు సూది గాయం వంటి ఇతర కారణాల వలన కలిగినవిగా భావించి లెక్క నుండి తొలగిస్తారు. ఆ తరువాత మరణించినవాటిని, వణుకు, పక్షవాతం, మూర్ఛ వంటి స్పష్టమైన రేబిస్ లక్షణాలు చూపినవాటిని రక్షణ పొందనివిగా లెక్కిస్తారు. లక్షణాలు రూఢి అయిన చిట్టెలుకను మరణించే వరకు వేచి చూడక, బాధలేని పద్ధతిలో అంతమొందించడం నేటి నియమం.

సి.వి.ఎస్. అనేది 1882లో పారిస్‌లో పాశ్చర్ బృందం రేబిస్ సోకిన ఆవు నుండి వేరుచేసిన వైరస్ వంశానికి చెందినది. పదేపదే సంక్రమింపజేయుట వలన దీని పొదుగు కాలం స్థిరపడింది. అయినప్పటికీ అది ప్రాణాంతకమే. కావున ఈ పనిలో పాల్గొనే ప్రతి ఒక్కరూ ముందుగా టీకా పొంది, తమ రక్తంలోని ప్రతిరక్షకాలను నిర్ణీత వ్యవధిలో పరీక్షింపజేసుకొని, 0.5 అం.యూ./మి.లీ. కంటే తగ్గినప్పుడు బూస్టర్ తీసుకొనవలెను.

గణనకు ఒక ఉదాహరణ

కేవలం బోధన కొరకు కల్పించిన ఈ క్రింది ఫలితాలను పరిశీలించండి. ప్రామాణిక టీకాలో మి.లీ.కు 4 అం.యూ. ఉన్నవనియు, టీకా ఒక మోతాదు 0.5 మి.లీ. అనియు అనుకొందాం.

| పలుచన | పరీక్షిత టీకా: బ్రతికినవి / మొత్తం | ప్రామాణిక టీకా: బ్రతికినవి / మొత్తం |
|---|---|---|
| 1:5 | 16/16 | 16/16 |
| 1:25 | 13/16 | 11/16 |
| 1:125 | 5/16 | 3/16 |
| 1:625 | 0/16 | 0/16 |

సగం చిట్టెలుకలను రక్షించే పలుచనను ఇ.డి.50 అంటారు. స్పియర్‌మన్–కార్బర్ పద్ధతిలో మొదటి పలుచన సంవర్గమానానికి (5కు 0.699), పలుచనల మధ్య అంతరం (0.699)ను బ్రతికిన నిష్పత్తుల మొత్తం నుండి 0.5 తీసివేయగా వచ్చిన దానితో గుణించి కలపాలి.

పరీక్షిత టీకాకు నిష్పత్తుల మొత్తం 1 + 0.8125 + 0.3125 + 0 = 2.125. కావున సంవర్గమానం 0.699 + 0.699 × 1.625 = 1.835, అనగా సుమారు 1:68 పలుచన. ప్రామాణిక టీకాకు మొత్తం 1.875, సంవర్గమానం 1.660, అనగా సుమారు 1:46. రెండింటి నిష్పత్తి సుమారు 1.5. అందువలన పరీక్షిత టీకాలో మి.లీ.కు 4 × 1.5 = 6 అం.యూ., ఒక మోతాదులో 3 అం.యూ. ఉన్నట్లు తేలుతుంది. మనుషుల టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన కనీస సామర్థ్యం మోతాదుకు 2.5 అం.యూ.; కావున ఈ బ్యాచ్ ఉత్తీర్ణమైనట్లే.

ఇప్పుడు 1:25 పలుచనలో ఒకటి, 1:125 పలుచనలో ఒకటి చొప్పున మరి రెండు చిట్టెలుకలు మరణించాయనుకొందాం. నిష్పత్తుల మొత్తం 2.0కు, సంవర్గమానం 1.748కి తగ్గుతాయి. సామర్థ్యం మి.లీ.కు 4.9 అం.యూ., మోతాదుకు 2.45 అం.యూ. అవుతుంది. బ్యాచ్ విఫలమైనట్లే. పరీక్షిత టీకా పొందిన 64 చిట్టెలుకలలో రెండింటి మరణం వేలాది మోతాదుల టీకా భవితవ్యాన్ని మార్చివేసింది.

ఈ అస్థిరతను సంఖ్యలలో కూడా చూపవచ్చును. మొదటి ఫలితానికి 95 శాతం విశ్వాస పరిమితులను గణిస్తే అవి సుమారు 1.5 నుండి 6 అం.యూ. వరకు, అనగా అంచనా విలువలో 50 నుండి 200 శాతం వరకు విస్తరిస్తాయి. ఇది లోపభూయిష్టమైన పరీక్ష కాదు. నియమాల ప్రకారం ఈ పరిమితులు 25 నుండి 400 శాతం లోపల ఉన్నచో పరీక్ష చెల్లుతుంది. కావున "3 అం.యూ." అనే అంకెను తులామానంతో తూచిన బరువువలె చదువరాదు. సందేహాస్పద సందర్భాలలో పరీక్షను పునరావృతం చేసి, చెల్లుబాటైన ఫలితాలన్నింటినీ గణాంక పద్ధతిలో కలిపి నిర్ణయం తీసుకొనవలెను. నచ్చని ఫలితాన్ని వదిలి నచ్చినదానిని ఉంచుకొనుట శాస్త్రసమ్మతం కాదు.

ఎన్.ఐ.హెచ్. పరీక్ష పరిమితులు

గణాంకపరమైన అస్థిరతతో పాటు ఈ పరీక్షకు మరి నాలుగు పరిమితులు ఉన్నాయి. మొదటిది, వైరస్‌ను నేరుగా మెదడులోనికి ఎక్కించడం. కాటు ద్వారా వైరస్ కండరంలో ప్రవేశించి నరాల వెంట మెదడుకు చేరుతుంది. ఆ మార్గంలోనే ప్రతిరక్షకాలు దానిని అడ్డగిస్తాయి. పరీక్షలో ఆ మార్గమే లేదు. రెండవది, టీకా వైరస్ వంశం సి.వి.ఎస్.కు దగ్గరగా ఉన్నప్పుడు ఫలితం కొంత ఎక్కువగా కనిపించే అవకాశం ఉన్నది. మూడవది, పశువుల టీకాలలో సాధారణంగా కలిపే అల్యూమినియం హైడ్రాక్సైడ్ వంటి సహాయక పదార్థం టీకాతో పాటు తానూ పలుచనవుతూ, సహాయక పదార్థం లేని ప్రామాణిక టీకాతో పోలికను వక్రీకరించవచ్చును. నాలుగవది, కాలం, ప్రాణినష్టం: ఒక్క పరీక్షకు 28 రోజులు పడుతుంది, పై ఉదాహరణలోనే రెండు టీకాలకు 128 చిట్టెలుకలు, వైరస్ నిర్ధారణకు మరికొన్ని అవసరమవుతాయి.

పశువుల నిర్జీవ టీకాకు కనీస సామర్థ్యం మోతాదుకు 1 అం.యూ. యూరోపియన్ ఫార్మకోపియా విధానంలో పశువుల టీకాను చిట్టెలుకలకు ఒకేసారి ఇస్తారు. మనుషుల టీకాను రెండుసార్లు ఇస్తారు. ఈ కారణం చేత కూడా రెండు రకాల టీకాల అంకెలను పక్కపక్కన పెట్టి "ఇది రెండున్నర రెట్లు బలమైనది" అని తీర్మానించడం సరికాదు.

ప్రతిరక్షకాల కొలత: ఆర్.ఎఫ్.ఎఫ్.ఐ.టి., ఎఫ్.ఎ.వి.ఎన్.

1973లో స్మిత్, యేజర్, బేర్ అనే శాస్త్రవేత్తలు సత్వర ప్రతిదీప్తి కేంద్ర నిరోధ పరీక్షను (ఆర్.ఎఫ్.ఎఫ్.ఐ.టి.) ప్రచురించారు. దీనిలో రక్తరసిని 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసి, పలుచనలుగా తయారుచేసి, నిర్ణీత పరిమాణంలో సి.వి.ఎస్.తో కలిపి 37 డిగ్రీల వద్ద ఉంచుతారు. తరువాత బి.హెచ్.కె.-21 వంటి కణాలను చేర్చుతారు. ప్రతిరక్షకాలు అడ్డుకొనలేకపోయిన వైరస్ కణాలలో ప్రవేశించి వృద్ధి చెందుతుంది. సుమారు ఒక రోజు తరువాత కణాలను స్థిరపరచి, ప్రతిదీప్తి రంజనం చేసి, సూక్ష్మదర్శినిలో 20 క్షేత్రాలను పరిశీలించి, ఎన్నింటిలో ఆకుపచ్చని మెరుపు ఉన్నదో లెక్కిస్తారు. మెరిసే క్షేత్రాల సంఖ్యను సగానికి తగ్గించిన పలుచనయే ఆ రక్తరసి టైటరు.

ఇక్కడ కూడా ప్రామాణిక రక్తరసితో పోలిక తప్పనిసరి. ఉదాహరణకు, మి.లీ.కు 2 అం.యూ. గల ప్రామాణిక రక్తరసి టైటరు 250గా, పరీక్షిత రక్తరసి టైటరు 125గా వచ్చినచో రెండవదానిలో మి.లీ.కు 1 అం.యూ. ఉన్నట్లు లెక్క.

1998లో ఫ్రాన్స్‌లో రూపొందిన ఎఫ్.ఎ.వి.ఎన్. పరీక్ష ఇదే సూత్రంపై పనిచేస్తుంది. దీనిలో 96 గుంతల పలకను వాడి, ఒక్కొక్క పలుచనకు నాలుగు గుంతలు కేటాయించి, 48 గంటల తరువాత ప్రతి గుంతలో వైరస్ ఉన్నదా లేదా అని మాత్రమే చూస్తారు. క్షేత్రాలను లెక్కించవలసిన పని లేనందున చదివే వ్యక్తిని బట్టి ఫలితం మారే అవకాశం తక్కువ.

మి.లీ.కు 0.5 అం.యూ. అనే హద్దును సరిగా అర్థం చేసుకొనుట ముఖ్యం. టీకాకు శరీరం స్పందించినదనడానికి అది ఆమోదయోగ్యమైన ఆధారం. అంతకు తక్కువ ఉన్న కుక్క తప్పక వ్యాధి బారిన పడుతుందనిగాని, ఎక్కువ ఉన్నది ఏ కాటుకైనా చెక్కుచెదరదనిగాని దాని అర్థం కాదు. మొదటిసారి ఒకే మోతాదు పొందిన కుక్కలలో ప్రతిరక్షకాలు కొన్ని వారాలలో గరిష్ఠానికి చేరి తరువాత తగ్గుతాయి; రోగనిరోధక స్మృతి మాత్రం నిలిచి ఉండవచ్చును. కావున టీకా వేసిన ఎన్నవ రోజున రక్తం తీశారో తెలియనిదే టైటరుకు అర్థం చెప్పలేము.

ఈ రక్తరసి పద్ధతి నేడు టీకా బ్యాచ్ పరీక్షలోనికి కూడా ప్రవేశించింది. యూరోపియన్ ఫార్మకోపియా పశువుల నిర్జీవ టీకాల విషయంలో, చిట్టెలుకలకు టీకా ఇచ్చి 14 రోజుల తరువాత రక్తం సేకరించి, ఆర్.ఎఫ్.ఎఫ్.ఐ.టి. ద్వారా ప్రామాణిక టీకా పొందిన వాటితో పోల్చడానికి అనుమతించింది. ప్రాణులకు వైరస్ ఎక్కించవలసిన అవసరం లేదు. చిట్టెలుకల సంఖ్య, కాలం, బాధ మూడూ తగ్గుతాయి.

ప్రతిజనకం కొలత: వ్యాప్తి వలయ పద్ధతి, ఎలీసా

ప్రాణులను వాడకుండా టీకాలోని గ్లైకోప్రోటీన్‌నే నేరుగా కొలిచే పద్ధతులు మూడవ వర్గం. ఏకవలయ వ్యాప్తి పరీక్షలో ప్రతిరక్షకాలు కలిపిన జెల్‌లో గుంత చేసి టీకా నమూనాను ఉంచుతారు. ప్రతిజనకం వ్యాపించి ఏర్పరచే వలయం ఎంత పెద్దదైతే దాని పరిమాణం అంత ఎక్కువ. ఎలీసాలో పలకకు అతికించిన ప్రతిరక్షకం గ్లైకోప్రోటీన్‌ను పట్టుకొనగా, రంగును కలిగించే మరొక ప్రతిరక్షకం దానిని చూపుతుంది. ఫలితం గంటలలోనే వస్తుంది. పునరావృతం చేసినప్పుడు అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.

కాని అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన అవి సరియైన ప్రశ్నకు సమాధానాలు కావు. ఎంచుకొన్న ప్రతిరక్షకం మడతలు విడిపోయిన గ్లైకోప్రోటీన్‌ను కూడా గుర్తిస్తే, ఎండలో పాడైన టీకా కూడా ఎలీసాలో బలమైనదిగా కనిపిస్తుంది. అందువలన సహజ త్రయరూపాన్ని మాత్రమే గుర్తించే ఏకరూప ప్రతిరక్షకాలను ఎంచుకొనవలెను. ఆ ఎంపిక సరియైనదని నిరూపించడానికి, ఉద్దేశపూర్వకంగా వేడిచేసి పాడుచేసిన టీకాను అదే ఎలీసాలో పరీక్షించి విలువ పడిపోతున్నదని చూపించాలి. సహాయక పదార్థం గల టీకాలలో ప్రతిజనకం దానికి అంటుకొని ఉండుట వలన ముందుగా దానిని వేరుచేయవలసిన అదనపు దశ కూడా ఉంటుంది.

ఉత్పత్తి మొత్తం ఒకే తీరుగా సాగుతున్నదని ప్రతి దశలోనూ నిరూపించగలిగినప్పుడు, చివరి బ్యాచ్‌పై ఎన్.ఐ.హెచ్. పరీక్షకు బదులుగా ఇటువంటి ఎలీసా సరిపోవచ్చునన్నది నేటి ఆలోచనా ధోరణి.

నిర్జీవత, స్థిరత్వం

సామర్థ్య పరీక్షతో పాటు మరి రెండు పరీక్షలను ప్రస్తావించాలి. బీటా ప్రొపియోలాక్టోన్‌తో నిర్జీవం చేసిన తరువాత సజీవ వైరస్ ఏమాత్రం మిగలలేదని కణవర్ధనంలో పలుమార్లు పెంచి చూచి నిర్ధారిస్తారు. నిర్జీవ ప్రక్రియ చాలకపోతే ప్రమాదం. మితిమీరితే ప్రతిజనకమే దెబ్బతింటుంది. రెండవదైన త్వరిత స్థిరత్వ పరీక్షలో, మనుషుల కొరకు ఉద్దేశించిన శీతలశుష్క టీకాను 37 డిగ్రీల వద్ద నాలుగు వారాలు ఉంచిన తరువాత కూడా సామర్థ్యం 2.5 అం.యూ.కు తగ్గరాదు. ఇది తయారీలోని నాణ్యతకు పరీక్ష మాత్రమే. టీకాను నాలుగు వారాలు బయట ఉంచవచ్చునని ఇచ్చిన అనుమతి కాదు.

క్షేత్రస్థాయిలో అన్వయం

విస్తరణ శాస్త్రవేత్తలు, పశువైద్య విద్యార్థులు ఈ క్రింది విషయాలను గుర్తుంచుకొనవలెను.

1. సామర్థ్య ధ్రువపత్రం బ్యాచ్ విడుదలైన నాటి స్థితిని చెబుతుంది. ఆ తరువాత 2 నుండి 8 డిగ్రీల శీతల గొలుసు తెగితే ఆ అంకెకు విలువ లేదు. అల్యూమినియం సహాయక పదార్థం గల ద్రవ టీకా గడ్డకడితే తిరిగి పనికిరాదు, కరిగించి వాడరాదు.

2. గ్రామంలో టీకా శిబిరం విజయాన్ని కొలవవలసినప్పుడు సీసాపై ఉన్న అం.యూ. చాలదు. కొన్ని కుక్కల రక్తరసిని నిర్ణీత రోజున సేకరించి ఆర్.ఎఫ్.ఎఫ్.ఐ.టి. లేక ఎఫ్.ఎ.వి.ఎన్. చేయించాలి. కనీసం 70 శాతం కుక్కలకు టీకా అందినదా అనే లెక్క దీనికి అదనం.

3. రక్తరసిని త్వరగా వేరుచేసి చల్లగా పంపాలి. కుళ్ళిన లేక రక్తకణాలు పగిలిన నమూనా పరీక్షలోని కణాలను చంపివేస్తుంది. మెరుపు కనిపించని గుంతను రక్షణగా పొరబడే ప్రమాదం ఉన్నది.

4. పెంపుడు కుక్కను మన దేశం నుండి ఐరోపా సమాఖ్య దేశాలకు తీసుకువెళ్ళదలచిన యజమానులకు, టీకా వేసిన కనీసం 30 రోజుల తరువాత తీసిన రక్తంలో 0.5 అం.యూ./మి.లీ. ఉండాలనియు, రక్తం తీసిన నాటి నుండి మూడు నెలలు వేచి ఉండాలనియు ముందే తెలియజేయాలి. పరీక్ష అక్కడి గుర్తింపు పొందిన ప్రయోగశాలలోనే జరగాలి.

5. కుక్క కరిచిన వ్యక్తికి చికిత్స నిర్ణయించడంలో టైటరు నివేదిక కొరకు ఎదురుచూడరాదు. కరిచిన కుక్కకు టీకా వేసి ఉన్నదన్న ధ్రువపత్రం చూచి కూడా గాయాన్ని నిర్లక్ష్యం చేయరాదు.

ముగింపు

ఎన్.ఐ.హెచ్. పరీక్ష టీకా ప్రాణిని కాపాడగలదా అని అడుగుతుంది. కాని దాని సమాధానం స్థూలమైనది. రక్తరసి పరీక్షలు ప్రాణి స్పందించినదా అని అడుగుతాయి. కాని ఆ స్పందన రక్షణకు పరోక్ష సూచిక మాత్రమే. ఎలీసా సరియైన రూపంలో ప్రతిజనకం ఎంత ఉన్నదని అడుగుతుంది. సరియైన ప్రతిరక్షకాన్ని ఎంచుకొన్నప్పుడే దాని సమాధానానికి అర్థముంటుంది. నివేదికలోని అం.యూ. అంకెను చూచిన వెంటనే, అది టీకాదా రక్తరసిదా, ఏ పరీక్షలో వచ్చినది, దేనితో పోల్చగా వచ్చినది, దాని విశ్వాస పరిమితులు ఎంత అనే నాలుగు ప్రశ్నలు వేసుకొనడం విద్యార్థి దశలోనే అలవడాలి. రెండు చిట్టెలుకల తేడాతో ఉత్తీర్ణత మారిపోగల పరీక్షను వదలివేయడం దీనికి పరిష్కారం కాదు. దాని ఫలితాన్ని దానికి తగినంత మేరకే నమ్మడం, అంతకంటే మెరుగైన పద్ధతులను నిరూపించి ముందుకు తీసుకురావడం మన బాధ్యత.